తాటివనంలో హాజరు

ప్రతిరోజూ పొద్దున తొమ్మిదింటికి తాటివనంలో నిలబడి నా ముఖం నేనే ఫొటో తీసుకోవడం రెండేళ్లపాటు నా ఉద్యోగంలో మొదటి పని. సాయంత్రం ఐదింటికి మళ్లీ అదే వనం, అదే ముఖం. నేను సబ్ సెంటర్ నర్సును. సూదులు వెయ్యడం, గర్భిణులను చూసుకోవడం, బీపీ గోలీలు, షుగర్ గోలీలు పంచడం నా పని. కల్లుకూ నాకూ ఏ సంబంధమూ లేదు. ఈ మాట చాలామందికి చాలాసార్లు చెప్పుకోవలసి వచ్చింది కాబట్టి ఇక్కడ కూడా ముందే చెబుతున్నాను.

మా పుట్టిల్లూ అత్తిల్లూ జనగామే. ఉద్యోగం మాత్రం నాకు జనగామలో ఎన్నడూ దొరకలేదు. మొదట భూపాలపల్లి దిక్కు వేశారు. అక్కడి బొగ్గు లారీల దుమ్ముకు నా ఊపిరితిత్తులు అలవాటు పడుతుండగా కొత్తగూడ అడవి దిక్కు మార్చారు. ఊరి పేరు చెప్పను. చెబితే తాటివనం ఎవరిదో తెలిసిపోతుంది, ఆ అన్నకు లేనిపోని తలనొప్పి. ఊళ్లో ఒక్క గది సబ్ సెంటరు, దాని వెనుక ఇంకో గదిలో నేను. ఊరు దాటి, వాగు దాటితే నాలుగు తండాలు. నా గర్భిణులు, బాలింతలు, బీపీ ముసలివాళ్లు అందరూ ఆ నాలుగు తండాల్లోనే ఉండేవారు. ఊళ్లోవాళ్లు మాత్రం కాలు బెణికినా బస్సెక్కి పట్నం దవాఖానకు పోయేవారు. నా మీద వాళ్లకు అంత నమ్మకం.

ఒకనాడు మానుకోటలో మీటింగు పెట్టారు. మహబూబాబాదును మేము మానుకోట అంటాం. నర్సులందరి ఫోన్లలో ఒక యాప్ ఎక్కించారు. పొద్దున, సాయంత్రం సెంటర్లో నిలబడి ముఖం చూపిస్తే హాజరు పడుతుంది. మధ్యలో మనం ఏమీ చెయ్యనక్కర లేదు, మనమెక్కడున్నదీ ఫోనే పైకి చెప్పుకుంటుంది. సెంటర్ చుట్టూ వంద మీటర్ల గుండ్రం. అది దాటితే ఎర్ర గీత. ఎర్ర గీతలు ఎక్కువైతే నోటీసు. నాది కాంట్రాక్టు ఉద్యోగం, నోటీసంటే మాకు జ్వరం వస్తుంది. "మరి తండాలకు పోవాలె గద సార్?" అని అడిగాను. దానికీ యాప్‌లో దారుందట. ముందు దరఖాస్తు పెడితే పైనుంచి అనుమతి వస్తుంది. అనుమతులు వచ్చేవి, అబద్ధమాడకూడదు. పొద్దున పెట్టినదానికి సాయంత్రం ఆరింటికల్లా తప్పకుండా వచ్చేది.

సెంటర్ ఎక్కడుందో యాప్‌కు చూపించడానికి ఇద్దరు సార్లు జీపులో వచ్చారు. సెంటర్ ముందు నిలబడి ఫోను పైకెత్తారు, కిందికి దించారు, ఒక సారు కుర్చీ వేయించుకుని ఎక్కాడు. ఫోను మోగేంత గీత తప్ప యాప్‌కు చాలేంత సిగ్నల్ రాలేదు. మా సెంటర్ పల్లంలో ఉంటుంది, అక్కడికి వానాకాలం నీళ్లు వస్తాయి తప్ప మరేమీ రావు. ఎండెక్కింది. మా దిక్కు ఊరికి ఏ ఆఫీసరు వచ్చినా ముందు మంచినీళ్లు, తర్వాత తాటివనం. అది మర్యాద. ఆ మర్యాద తప్పితే ఊరికి పేరు పోతుంది. పెద్దమనుషులు సార్లను వనానికి తీసుకుపోయారు, ఏమవుతుందోనని నేనూ వెనకే పోయాను. తాళ్లెక్కే అన్న, తాటిచెట్లను మేము తాళ్లంటాం, అప్పుడే కల్లు లొట్టి దించి తాటాకు రేకల్లో పోశాడు. పొద్దుటి కల్లు తియ్యగా ఉంటుంది, నిజానికి అది కల్లే కాదు, ఆరోగ్యానికి చాలా మంచిది అని సార్లు ఒకరికొకరు చెప్పుకున్నారు. "అంతే గదమ్మా?" అని నన్నడిగారు. అవునన్నాను. కాంట్రాక్టు ఉద్యోగం.

మూడో రేక దగ్గర చిన్న సారు ఫోను చూసుకుని గట్టిగా అరిచాడు. సిగ్నల్ వచ్చింది. వనం ఎత్తు మీద ఉంది కదా, అక్కడ రెండు గీతలు నిలకడగా ఉంటాయి. పెద్ద సారు, "నొక్కు, నొక్కు, మళ్ల పోతది," అన్నాడు. చిన్న సారు నొక్కాడు. సబ్ సెంటర్ స్థలం నమోదయింది, ఇక మార్చడానికి వీలులేదు అని ఫోను చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టాను. నాకు అర్థమయ్యేసరికి జీపు చెరువుకట్ట దాటింది.

మార్చమని మూడు దరఖాస్తులు పెట్టాను. మూడోదానికి జవాబొచ్చింది. మీ హాజరు ప్రతిరోజూ సక్రమంగా సెంటర్లోనే పడుతున్నది, కావున స్థలం సరిగానే ఉన్నట్టు నిర్ధారించడమైనది అని రాశారు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే ఆఫీసులు ఉంటాయని విన్నాను గానీ, దూడకు టీకా కూడా వేసే ఆఫీసును అప్పుడే చూశాను.

తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. నేను పాలు కూడా తాగలేదు. అయినా వారం తిరక్కుండా ఊరంతా సిస్టరమ్మ పొద్దున్నే తాళ్లల్లకు పోతున్నదన్నారు. మా ఆయన జనగామలో బట్టల దుకాణంలో పనిచేస్తాడు. మా ఇద్దరి ఫోన్లూ ఒకరిదొకరికి కనిపించేట్టు ఆయనే పెట్టుకున్నాడు, కొత్తలో ముచ్చటపడి. ఒకరోజు ఫోన్ చేశాడు.

"ఏందే, నీ చుక్క రోజు తొమ్మిదింటికి తాళ్లల్ల కనవడుతున్నది?"

"డ్యూటీల ఉన్న."

"గాడ ఏం డ్యూటీ?"

చెప్పాను. అంతా విన్నాడు. తర్వాత, "సరే గని, మా అమ్మకు చెప్పకు," అన్నాడు.

చెప్పకపోయినా ఆమెకు తెలిసింది. అది వేరే కథ.

వనంలో నా రాకతో నష్టపోయింది నిజానికి తాళ్లెక్కే అన్న. తొమ్మిదింటికి నేను కనపడగానే మగవాళ్లు రేకలు వీపుల వెనుక దాచుకునేవారు. ఖాళీగా నిలబడడం నాకు చేతకాదు కాబట్టి అందరికీ బీపీ చూసేదాన్ని. నూట అరవై దాటినవాళ్లకు అక్కడే చీవాట్లు పెట్టేదాన్ని. నెల తిరిగేసరికి పొద్దుటి గిరాకీ సగమైంది. "చెల్లె, నిన్ను ఏమన్ననా? నా మీద ఎందుకు పడ్డవ్?" అని ఆయన నవ్వుతూనే మొత్తుకునేవాడు. యాభై దాటిన మనిషి, నల్లగా, సన్నగా, మోకు నడుముకు తగిలించుకుంటే పాతికేళ్లవాడిలా ఎక్కేవాడు.

ఫోను తన దగ్గర పెట్టి పొమ్మన్నది ఆయనే. గుండ్రంలో కూర్చుంటే తండాలకు పోవడం కుదరదు, తండాలకు పోతే ఎర్ర గీతలు. అడకత్తెరలో పోకచెక్క బతుకైందని నేను చెట్ల కింద తిట్టుకుంటుంటే, పైనుంచి విని దిగివచ్చాడు.

"వాళ్లకు నువ్వు గావాల్నా, ఫోన్ గావాల్నా?"

"ఫోనే."

"అయితే ఫోన్ గీడ వెట్టి పో. నేనెట్లనో పొద్దుగూకే దాక గీడనే ఉంట."

అట్లా మొదలైంది. తొమ్మిదింటికి ముఖం చూపించి, ఫోను ఆయన చేతిలో పెట్టి, మందుల సంచీ భుజానికేసుకుని వాగు దాటేదాన్ని. ఐదింటికి వచ్చి మళ్లీ ముఖం చూపించేదాన్ని. ఆయన దాన్ని గుడ్డసంచీలో వేసి మెడకు తగిలించుకునేవాడు. ఆయన చెట్టెక్కితే నా ఫోనూ ఎక్కేది, దిగితే దిగేది. రోజుకు ఇరవై చెట్లు. యాప్ పొడవు వెడల్పులే చూస్తుంది, ఎత్తు చూడదు. ఆఫీసు నుంచి ఎవరైనా ఫోన్ చేస్తే ఏం చెప్పాలని అడిగాడు. నేనే నేర్పాను. "సిస్టరమ్మ ఈడనే ఉన్నది, పేషెంటును చూస్తున్నది, జరాగి చేస్తది." ముచ్చటగా మూడు ముక్కలు. చెప్పి పెట్టెయ్యమన్నాను, ఎక్కువ మాట్లాడితే దొరికిపోతావన్నాను. ఆయన రెండుసార్లు పాఠం అప్పజెప్పాడు. పై ఆఫీసు నుంచి రెండు మూడుసార్లు ఫోన్లు రానే వచ్చాయి, ఆయన తడబడకుండా చెప్పాడు. ఈ సంగతి ఆయనకూ నాకూ తప్ప మూడో మనిషికి తెలియదు. ఆ ఏడు జిల్లా మొత్తంలో ఒక్క ఎర్ర గీత లేని నర్సుల్లో నేనొకదాన్ని. మీటింగులో లేచి నిలబడమన్నారు, నిలబడ్డాను.

వాగవతల మూడో తండాలో ఒక పిల్ల ఉండేది. పిల్లంటే ఇరవై మూడేళ్లు. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఒకటి ఐదో నెలలో, ఒకటి ఏడో నెలలో. మూడోసారి నిలిచినప్పుడు తన అత్తకు కూడా చెప్పకముందే నాకు చెప్పింది. నేను వచ్చేది దూరం నుంచి చూసి గడపలో పీట వేసేది. తమ భాషలో అత్తతో ఏదో అని నవ్వేది. ఏమన్నదో చెప్పమంటే, "నువ్వు కోపంల కూడ మంచిగనే కనవడ్తవు అంటున్న అక్కా," అనేది. ఆ పిల్లంటే నాకు ఇష్టం. నర్సులకు అందరూ సమానమే అంటారు. కాదు.

ఏడో నెలలో కాళ్లు వాచాయి, బీపీ ఎక్కింది. మానుకోట పెద్ద దవాఖానలో చూపించాం. గోలీలు రాసి, తొమ్మిదో నెల పడగానే వచ్చి చేరమన్నారు. ఆ ఇల్లు నాలుగెకరాల మిరప మీద బతుకుతుంది, అది కాయలు ఏరే కాలం. ఆ పిల్లను చేనుకు పోనివ్వద్దని అత్తకు గట్టిగా చెప్పాను, అత్త నా మాట విన్నది. పోయినసారి అంబులెన్సు తండాల మధ్య దారి తప్పి చాలాసేపు తిరిగిందట, ఆ భయం వాళ్లకు పోలేదు. అందుకని నేనే మాటిచ్చాను. తలనొప్పి వచ్చినా, కళ్లు మసకబారినా, ఏమైనా సరే, ముందు నాకు ఫోన్ చెయ్యండి, బండి సంగతి నేను చూసుకుంటా అన్నాను. ఆ పిల్ల మొగుడు నా నంబరును తన ఫోనులో అందరికంటే పైన పెట్టుకున్నాడు.

తొమ్మిది నుంచి ఐదు దాకా ఆ నంబరు తాటిచెట్ల మీద ఉంటుందని నాకు గుర్తులేదా? ఉంది. నొప్పులు ఎక్కువగా రాత్రిపూటే వస్తాయని నా అనుభవం. ఆ అనుభవం మీద నాకు నమ్మకం ఎక్కువ. ఆ పిల్ల ఇంటినుంచి ఫోన్ వస్తే ఉన్నమాట చెప్పమని తాళ్లెక్కే అన్నకు ఒక్క మాట చెబితే సరిపోయేది. రోజూ రేపు చెబుదామనుకునేదాన్ని.

ఎనిమిదో నెలలో ఒక రోజు పొద్దున పది దాటాక ఆ పిల్లకు తల పగిలిపోయేంత నొప్పి, కళ్ల ముందు మిణుగురులు. తండా చివర బోడు గుట్ట మీద నిలబడితే ఒక గీత సిగ్నల్ దొరుకుతుంది. మొగుడు అక్కడికి పరుగెత్తి నాకు ఫోన్ చేశాడు. అప్పుడు తాళ్లెక్కే అన్న చెట్టు మీదున్నాడు. ఒక చేత్తో మట్టను పట్టుకుని, ఒక చేత్తో ఫోనెత్తాడు.

"సిస్టరమ్మ ఉన్నదా?"

"సిస్టరమ్మ ఈడనే ఉన్నది, పేషెంటును చూస్తున్నది, జరాగి చేస్తది."

పెట్టేశాడు. పాఠం ఒక్క అక్షరం పొల్లుపోలేదు.

మొగుడు ఒక్క నిమిషం కూడా ఆగలేదు. నన్ను ఎక్కించుకొస్తానని తల్లికి చెప్పి, బైకు తీసి ఊరి దిక్కు పోయాడు. వాగులో ఇసుక, బండి దిగి తోసుకుంటూ దాటాలి. మొదట సెంటర్ దగ్గరికి పోయాడు, తాళం. ఎవరో వనంలో చూడమన్నారు. వనానికి పోయేసరికి తాళ్లెక్కే అన్న కిందికి దిగి ఉన్నాడు. ఫోన్ చేసింది ఆఫీసువాళ్లు కాదని, ఆ పిల్ల మొగుడని అప్పుడు ఆయనకు అర్థమైంది. తండాలకు పోయిందన్నాడు. ఏ తండా అంటే ఆయనకు తెలియదు, నేను చెప్పలేదు. ఫోను వనం దాటకూడదన్నది గుర్తుండి ఆయన సంచీని చెట్టుకు తగిలించాడు, ఇద్దరూ కలిసి బైకు మీద మళ్లీ వాగు దాటి, ఒకటో తండా, నాలుగో తండా వెతుక్కుంటూ వచ్చారు.

నేను రెండో తండాలో ఉన్నాను. ఒక బాలింతను చూసి, బిడ్డను తూచి, వాళ్లు పెట్టిన జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ తొక్కు తింటున్నాను. చాలా బాగుంది, ఇంకో సగం రొట్టె అడిగి వేయించుకున్నాను. ఆ రుచి ఇప్పటికీ నాలుక మీద ఉంది. దాన్ని తలుచుకుంటే నా మీద నాకు అసహ్యం వేస్తుంది. బైకు వచ్చి ఆగింది. తాళ్లెక్కే అన్న ముఖం చూడగానే చెయ్యి కడుక్కోకుండానే లేచాను.

మేము చేరేసరికి ఆ పిల్లకు ఫిట్స్ వచ్చి తగ్గి, మళ్లీ వస్తున్నాయి. అత్త ఆ పిల్ల తలను ఒళ్లో పట్టుకుని కూర్చుంది. ఫిట్స్‌కు వేసే మందు పొద్దుటి నుంచీ నా సంచీలోనే ఉంది. వేశాను. మొగుడి ఫోనుతో అంబులెన్సును రోడ్డు మీదికి రప్పించి, ట్రాక్టరులో పరుపు వేసి తీసుకుపోయాం. మానుకోట చేరాం. పిల్ల బతికింది. కడుపులో బిడ్డ బతకలేదు. ఆడపిల్ల. డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ, ఫిట్స్ ఎప్పుడు మొదలైనయని అడిగింది, సూది ఎప్పుడు పడిందని అడిగింది. రెండు టైములూ చెప్పాను. ఆమె చేతులు తుడుచుకుని లోపలికి పోయింది. ఒక మాట అంటే బాగుండేది.

బిడ్డ పోయిన ప్రతి కేసు మీద జిల్లాలో విచారణ ఉంటుంది. విచారణ చేసే మేడం ముందు కంప్యూటర్లో నా ఆ రోజు హాజరు తెరిచారు. తొమ్మిదికి సెంటర్లో. పదికి సెంటర్లో. పదకొండుకు, పన్నెండుకు సెంటర్లో. మళ్లీ సాయంత్రం ఐదుకు సెంటర్లో. నేను మానుకోట దవాఖాన వరండాలో ఉన్నప్పుడు కూడా సెంటర్లోనే ఉన్నాను. తాళ్లెక్కే అన్న నా ముఖం చూపించలేడు గానీ ఫోనును మాత్రం కదలనియ్యలేదు, సాయంత్రం ఫొటో ఒక్కటే పడలేదు, దాన్ని సిగ్నల్ పోయిందని రాసుకున్నారు. మేడం తృప్తిగా తలూపింది. నర్సు సెంటర్లో అందుబాటులో ఉన్నప్పటికీ కుటుంబ సభ్యులు సమాచారం ఇవ్వడంలో ఆలస్యం చేశారు అని రాయించి, "అంతేనామ్మా?" అని నా వైపు చూసింది.

"అంతే మేడం," అన్నాను.

బస్సులో జనగామ పోతున్నానా, కొత్తగూడ పోతున్నానా కూడా చూసుకోకుండా కూర్చున్నాను. ఆ మాట నోట్లోంచి అంత తేలిగ్గా ఎట్లా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. మరుసటి రోజు నుంచి ఫోను నాతోనే తీసుకుపోయాను. వారానికి ఐదు ఎర్ర గీతలు, నెలకొక నోటీసు. జవాబు రాస్తూనే ఉన్నాను. తాళ్లెక్కే అన్న మాత్రం నన్ను చూసినప్పుడల్లా తల దించుకునేవాడు. తప్పు నీది కాదన్నా అంటే, "నోరు నాదే గద చెల్లె," అనేవాడు.

ఆ ఇంటికి పోవడానికి నాకు ఇరవై రోజులు పట్టింది. ఆ పిల్ల వాకిట్లో మిరపకాయలు ఆరబోస్తున్నది. నన్ను చూసి లోపలికి పోయి పీట తెచ్చి వేసింది. అత్త తాళ్లెక్కే అన్నను తిట్టింది, అంబులెన్సును తిట్టింది, చివరికి కొడుకును తిట్టింది. వాడే ఇంకా జోరుగా బండి నడపవలసిందట. నన్ను ఒక్క మాట అనలేదు. ఫోన్ వచ్చినప్పుడు నేను తాటివనంలో నిజంగానే పేషెంటును చూస్తూ ఉండి, తర్వాతే తండాలకు వచ్చి ఉంటానని, ఆ తాళ్లాయన ఏదో తిరకాసు చేశాడని ఆమె అనుకుంటున్నది. విచారణలో రాసిన కాగితం సంగతి వాళ్లకు తెలియదు.

అంతా చెప్పాను. ఫోను సంగతి, పాఠం సంగతి, కాగితంలో తప్పు మీదేనని రాస్తే అంతేనన్న సంగతి. చెబుతున్నంతసేపూ మిరపకాయల ఘాటుకు ముగ్గురమూ దగ్గుతూనే ఉన్నాం. ఆ పిల్ల చేతిలోని గంప కింద పెట్టింది.

"మరి ఆ యాల్లకు నువ్వు యాడున్నవక్కా?"

చెయ్యెత్తి చూపించాను. వాళ్ల వాకిలి దాటి మూడు మిరప చేన్లు, ఆ చివర రెండో తండా మొదటి ఇల్లు, రేకుల మీద ఎండ కొడుతూ కనిపిస్తూనే ఉంది. ఎవరో చీర ఆరేస్తున్నారు.

ఆ పిల్ల అటు చూసింది.

"గా ఇంట్లనా?"

"ఆ."

"గంత దగ్గరున్నవా?" అన్నది. కోపం లేకుండా, లెక్క సరిచూసుకుంటున్న మనిషిలా మళ్లీ అన్నది. "మా అత్త గీడ నిలవడి ఒక్క కేకేస్తే ఇనవడేది గదక్కా."

"ఇనవడేది," అన్నాను.